వరదలో తడిసిన విజ్ఞాన సర్వస్వాలు: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి ఆదివారం: సరుకు చేరింది

పని చెప్పుకోవడానికి చిన్నదే. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి గ్రంథాలయానికి ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ఒకటి కావాలి. సాయంత్రం బడి వదిలాక వచ్చే పిల్లలు చదువుకోవడానికి అందులో విజ్ఞాన సర్వస్వాలు ఉండాలి. ఇంటర్నెట్ ఎందుకు వద్దంటే, అది పెట్టిన మర్నాటి నుంచి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఏం చూస్తారో కమిటీ పెద్దలు ముందే ఊహించారు. ఇక డబ్బు సంగతి అడగొద్దు. తీర్మానంలో ‘ఉన్నవాటితోనే’ అన్న మాట ఒకటికి రెండుసార్లు రాసుకున్నారు.

ఉన్నది ఒక అట్టపెట్టె. అజిత్‌సింగ్ నగర్‌లో ఉండే రిటైర్డ్ సైన్సు మాస్టారు ఇచ్చారు. 1990ల మధ్య నుంచి 2000ల చివరి దాకా ఆయన కొన్నవి, కంప్యూటర్ కొన్నప్పుడు ఉచితంగా వచ్చినవి, శిష్యులు తెచ్చి ఇచ్చినవి, అన్నీ కలిపి ఒక గంప సీడీలు, డీవీడీలు. ఎన్‌కార్టా, బ్రిటానికా అనే ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాల కూర్పులు ఉన్నాయి. పేరు వినని ప్రచురణకర్తల పిల్లల విజ్ఞాన డిస్కులు ఉన్నాయి. తెలుగులో చేసిన డిస్క్ ఒకటి ఉంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు ఈ సరుకంతా కింది అంతస్తులో బీరువా అడుగు అరలో ఉంది. ఆ అరలోనే ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం అచ్చు సంపుటాలు కూడా ఉండేవట. నున్నటి కాగితానికి పూత ఉంటుంది. అది తడిసి ఆరితే పుటకు పుట అంటుకుపోతుంది, ఇక విడదీయలేము. సంపుటాలు ఉబ్బి బీరువా తలుపు బిగుసుకుపోతే పగలగొట్టి తీసి, మున్సిపాలిటీ ట్రాక్టరులోకి ఎత్తారు. డిస్కులు మాత్రం బురద పూసుకుని వాటి డబ్బాల్లోనే పడి ఉన్నాయి. “పుస్తకాలు శాశ్వతం, ఈ ప్లాస్టిక్ బిళ్లలు నాలుగు రోజుల ముచ్చట అని క్లాసులో చెప్పేవాణ్ణి నాయనా, చూడు ఏం జరిగిందో” అన్నారు మాస్టారు. ఆ మాట నిజంగా తారుమారైందో లేదో తేల్చుకోవాలనే నేను ఈ పనికి ఒప్పుకున్నాను.

నా వృత్తి డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు పుటలు కూర్చడం. గైడ్లు, వర్క్‌బుక్కులు, శుభలేఖలు. పాత ఫైళ్లు తెరుచుకోకపోవడం అనే బాధ నాకు రోజూ ఉండేదే.

మే మొదటి వారం: కడగడం, ఏరడం

ఎండిన బురదను గుడ్డతో తుడవకూడదు. అందులో ఇసుక ఉంటుంది, అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు కుళాయి నీటి ధార కింద బురద కరిగిపోనిచ్చి, తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక చుక్క వేసి, మెత్తటి నూలు గుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచు వైపు తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడవడం అందరికీ అలవాటు, కానీ అదే ప్రమాదం. సీడీలో సమాచారం లోపలి నుంచి బయటికి సాగే ఒకే ఒక్క సర్పిలాకార దారి. అడ్డంగా పడిన గీత ఆ దారిని చటుక్కున దాటిపోతుంది కాబట్టి, దిద్దుబాటు లెక్కలు ఆ లోటును పూడ్చుకోగలవు. దారి వెంబడే పడిన గీతయితే వరసగా బోలెడు సమాచారాన్ని మింగేస్తుంది. సీడీ దిద్దుబాటు పద్ధతి ఆ దారిలో సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవున ఏకబిగిన పోయిన సమాచారాన్ని కూడా పూర్తిగా తిరిగి కట్టుకోగలదు. అంతకు మించితే చేతులెత్తేస్తుంది.

ఆరబెట్టడం నీడలోనే. మే నెల బెజవాడ ఎండలో డాబా మీద పెడితే వరద చేయలేని పని ఎండ చేస్తుంది.

తర్వాత ఒక్కొక్క డిస్కునూ ట్యూబులైటు కేసి ఎత్తి చూశాను. ఇక్కడే పెద్ద తమాషా ఉంది. అందరూ సీడీ మెరిసే వైపును ప్రాణంలా కాపాడతారు, బొమ్మ ఉన్న వైపును బల్ల మీద ఈడుస్తారు. నిజానికి మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల దళసరి పాలీకార్బనేట్ ప్లాస్టిక్ ఉంటుంది. దాని మీద గీతలు పడినా రుద్ది నునుపు చేయవచ్చు. సమాచారం ఉన్న అల్యూమినియం పొర ఉండేది బొమ్మ కిందే, పైన పలుచటి లక్క లాంటి పూత మాత్రమే దానికి కాపలా. ఒక డిస్క్ ఏదో బడి గ్రంథాలయం వేలంలో మాస్టారికి వచ్చినది. దాని మీద ఎవరో శ్రద్ధగా బాల్‌పెన్నుతో స్టాకు రిజిస్టరు నంబరు రాశారు, గట్టిగా నొక్కి. లైటుకు పట్టి చూస్తే ఆ అంకెలు చిల్లుల్లా వెలుగుతున్నాయి. అంకె రాసిన చోటల్లా పొర లేచిపోయింది. వరద తాకినా చెక్కుచెదరని డిస్కుకు గ్రంథాలయ నంబరు యమపాశమైంది.

డీవీడీలకు ఈ గండం తక్కువ. వాటిలో సమాచారపు పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది.

ఇంట్లో రాసుకున్న నకలు సీడీలు వేరే కుప్ప. కింది వైపు పచ్చగానో నీలంగానో కనిపిస్తే అది ఫ్యాక్టరీలో అచ్చొత్తినది కాదు, రంగు పొర మీద లేజరుతో కాల్చినది. వేడికి, వెలుతురుకు ఆ రంగు పాడవుతుంది. ఒకటి రెండు పెట్టి చూస్తే డ్రైవ్ గుర్రుమని తిరిగి మౌనం వహించింది. అవి ఎలాగూ దొంగ నకళ్లే. గ్రంథాలయంలో పెట్టేవి కావు. పక్కన పెట్టేశాను, విచారం లేదు.

మే రెండో వారం: డిస్కుల నుంచి హార్డ్ డిస్కుకు

పిల్లలు వాడే చోట అసలు డిస్కులు పెడితే నెల తిరక్కుండా వాటి పని అయిపోతుంది. అందుకని ఒక్కొక్క డిస్కునూ మొత్తంగా ఒక ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే ఉన్నది ఉన్నట్టు నకలుగా, తీసుకోవాలి. చట్టం మాటేమిటని కమిటీ కార్యదర్శి అడిగారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో దీనికి చోటుంది: న్యాయంగా చేతికొచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాము పోతుందేమో, పాడవుతుందేమో అన్న భయానికి రక్షణగా నకలు తీసుకోవచ్చు, అది ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడుకోవాలి. అందుకే ఒక్క కంప్యూటర్‌లోనే పెడుతున్నాం, అడిగినవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో వేసి పంచడం లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు. గవర్నర్‌పేటలో పాత కంప్యూటర్లు అమ్మే కుర్రాడి దగ్గర రెండు వేర్వేరు కంపెనీల పాత డ్రైవ్‌లు దొరికాయి. “రెండెందుకు సార్, ఒకటి పనిచేస్తుందిగా” అన్నాడు. రెండు కావాలి. గీతలు పడిన డిస్కును ఒక డ్రైవ్ చదవలేని చోట ఇంకొకటి చదువుతుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఈ పనికి దివ్యంగా ఉంటుంది. ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ లాగేసుకుని, రాని చోట్ల పట్టిక రాసిపెట్టుకుంటుంది. అదే పట్టికతో డిస్కును రెండో డ్రైవ్‌లో పెడితే, మిగిలిన చోట్ల మీదే పడి ప్రయత్నిస్తుంది. బ్లాకు సైజు, అంటే ఒక్కసారికి చదివే ముక్క కొలత, మాత్రం 2048 అని చెప్పాలి, డేటా సీడీలో ఒక సెక్టారు పట్టేది అన్ని బైట్లే.

వేగం తగ్గించడం కూడా కలిసొచ్చింది. 52 రెట్ల వేగంతో తిరిగే డ్రైవ్ గీత దగ్గర తడబడుతుంది, నాలుగైదు రెట్లకు దించితే అదే గీతను నింపాదిగా దాటుతుంది.

బాల్‌పెన్ను డిస్కు? ఆశ్చర్యంగా, చాలావరకు వచ్చింది. సీడీ లోపలి నుంచి నిండుతుంది కదా, నంబరు రాసింది బయటి అంచున. ఆ డిస్కులో సరుకు సగానికి కాస్త పైనే ఉంది. రాతలో చివరి అంకె మాత్రం సమాచారం ఉన్న వలయంలోకి దిగింది, అక్కడ కొన్ని సెక్టార్లు పోయాయి. ఏ బొమ్మ పోయిందో, ఏ వీడియో పోయిందో వాడుతుంటే తెలుస్తుంది.

మే మూడో వారం: తెరవడం, అసలు యుద్ధం

ఇంతవరకు వచ్చిన చిక్కులు ప్లాస్టిక్‌వి. ఇక్కడి నుంచి ప్రోగ్రాములవి, నా మటుకు ఇవే ప్రాణాంతకం.

1990ల మధ్యనాటి డిస్కుల ప్రోగ్రాములు చాలావరకు 16 బిట్ల కాలంవి. ఇప్పటి 64 బిట్ల విండోస్ వాటిని అసలు గడప దాటనివ్వదు. దీనికి మందు కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను సృష్టించడం. వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో మాస్టారి పాత కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వేశాను. 32 బిట్ల ఎక్స్‌పీకి ఆ పాత ప్రోగ్రాములతో ఇంకా మాట పొత్తు ఉంది. గ్రంథాలయం కోసం వాడుతున్నది మా సెంటర్‌లో మూలన పడేసిన కంప్యూటర్, నాలుగు గిగాబైట్ల ర్యామ్. ఎక్స్‌పీకి అందులో అర గిగాబైటు ఇస్తే చాలు, మహారాజులా నడుస్తుంది.

మొదటి డిస్కు ఇన్‌స్టాల్ చేయబోతే ‘హార్డ్ డిస్కులో చోటు చాలదు’ అంది. దానికి కావలసింది పాతిక మెగాబైట్లు, నేనిచ్చింది ఇరవై గిగాబైట్లు. అప్పటి ప్రోగ్రామర్లు ఖాళీ చోటును కొలవడానికి పెట్టుకున్న అంకెకు రెండు గిగాబైట్ల దగ్గరే పై హద్దు. అంతకన్నా ఎక్కువ చోటు కనబడితే లెక్క తిరగబడి రుణ సంఖ్య రావచ్చు. అంటే చోటు ఎక్కువై చాలలేదన్నమాట! రెండు గిగాబైట్లకు లోపల ఒక చిన్న విభాగం చేసి అక్కడ వేయమంటే మారు మాట్లాడకుండా దిగింది.

తర్వాత రంగుల పేచీ. ‘మీ తెరను 256 రంగులకు మార్చండి’ అని మొండికేసిన డిస్కుకు ఎక్స్‌పీలోనే మందు ఉంది; ప్రోగ్రాము లక్షణాల్లో 256 రంగులు, 640 ఇంటూ 480 అని టిక్కు పెట్టవచ్చు. ఇంకొక డిస్కుకు వీడియో చూపించే ప్రోగ్రాము ఫలానా పాత కూర్పే కావాలి. అదృష్టవశాత్తు అది డిస్కులోనే ఒక ఫోల్డరులో ఉంది. మరొకటి ఇన్‌స్టాల్ చేసినప్పుడు సీడీ డ్రైవ్‌కు ఏ అక్షరం ఉందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత అక్షరం మారితే డిస్కు చేతిలో పెట్టినా ‘డిస్కు పెట్టండి’ అంటూనే ఉంటుంది. మతిమరుపు లేకపోవడం కూడా ఒక్కోసారి జబ్బే.

రెండు డిస్కులు ఇంకా తెరుచుకోలేదు. ఫైళ్లన్నీ ఒక్క సెక్టారు పోకుండా నా దగ్గర ఉన్నాయి. వ్యాసాలన్నీ ఒకే పెద్ద ఫైలులో, ఆ ప్రచురణకర్తకే తెలిసిన పద్ధతిలో కుదించి ఉన్నాయి. చూసే ప్రోగ్రాము నడిస్తేనే అవి అక్షరాలు, లేకపోతే ముద్ద.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచింది పెట్టెలోకెల్లా చౌకబారుగా కనిపించిన డిస్కు. పలుచటి కాగితపు కవరు, పేలవమైన బొమ్మ, ఏదో పత్రికతో ఉచితంగా వచ్చినది. తెరిచి చూస్తే అన్నీ వెబ్‌సైట్లలో వాడే మామూలు హెచ్‌టీఎంఎల్ పుటలు, జేపీజీ బొమ్మలు. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. వర్చువల్ కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నేటి బ్రౌజరులో నిన్న తయారైనట్టు తెరుచుకుంది. వెల పెట్టి కొన్న డిస్కుల గర్వమంతా వాటి సొంత తాళాల్లో ఉంది, అవి ఇప్పుడు వాటికే చుట్టుకున్నాయి. డిస్కు విజ్ఞాన సర్వస్వాల లోపమేమిటంటే అందరూ ‘సమాచారం పాతబడుతుంది’ అంటారు. పుస్తకమూ పాతబడుతుంది. కానీ 1923 నాటి పుస్తకం ఇవాళ తెరిస్తే తెరుచుకుంటుంది. ఈ రెండు డిస్కులు పాతికేళ్లకే నోరు మూసుకున్నాయి. నా దృష్టిలో అసలు తప్పు అక్కడుంది.

మే చివర: కూర్చుని చదివాను

తెరుచుకున్నవాటిని ఈ వారమంతా రాత్రిళ్లు చదువుతున్నాను, పరీక్షించడం అనే నెపంతో.

ముందు ఒక లెక్క. సీడీలో పట్టేది 650 మెగాబైట్లు. బ్రిటానికా అచ్చు కూర్పులో దాదాపు నాలుగు కోట్ల పదాలు ఉంటాయి. ఇంగ్లీషులో పదానికి ఆరు బైట్లు వేసుకున్నా 240 మెగాబైట్లే. అంటే గోడంత బీరువాలోని అక్షరాలన్నీ పదిహేను గ్రాముల బిళ్లలో సగం కూడా నింపవు. 1985లోనే గ్రోలియర్ తన విజ్ఞాన సర్వస్వాన్ని బొమ్మలు లేకుండా ఒట్టి అక్షరాలతో సీడీ మీదికి ఎక్కించగలిగింది అందుకే. బొమ్మలు, శబ్దాలు, వీడియోలు వచ్చాక చోటు ఇరుకైంది. సంగీతం సీడీ నాణ్యతతో వేస్తే 74 నిమిషాలకే డిస్కు నిండిపోతుంది. తొలి డ్రైవ్‌లు సెకనుకు ఇచ్చేది 150 కిలోబైట్లు. అందుకే ఆ కాలపు వీడియోలు తపాలా బిళ్లంత ఉంటాయి, గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాయి.

ఆ కొద్ది చోటులో ఏం పెట్టాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. నాకు ఈ డిస్కుల్లో బాగా నచ్చినది ఇదే. గుండె ఎలా పనిచేస్తుందో చూపే కదిలే బొమ్మ ఒకటుంది, అర నిమిషం కూడా ఉండదు. కవాటాలు తెరుచుకోవడం, మూసుకోవడం, ఏ గది నుంచి ఏ గదికి రక్తం వెళ్తుందో చూపడం, అంతే. వెనక సంగీతం లేదు, ‘మా ఛానెల్‌ను ఆదరించండి’ లేదు, పక్కన ఇంకో పది వీడియోలు చెయ్యి ఊపి పిలవడం లేదు. వ్యాసానికి ఒక మొదలు ఉంది, ఒక చివర ఉంది. పెద్ద వ్యాసాల కింద రాసిన పండితుడి పేరు ఉంది. చదివి ముగించాను అనిపించే తృప్తి నేటి పిల్లలకు తెరమీద దొరకడం అరుదు.

వెతకడం కూడా అప్పటికే బాగా చేశారు. అచ్చు పుస్తకానికి అకారాది సూచికే గతి. డిస్కులో లక్షల వాక్యాల మధ్య ఏ మాటైనా పట్టుకోవచ్చు, రెండు మాటలు ఒకే పేరాలో ఉన్న వ్యాసాలు మాత్రమే ఇమ్మని అడగవచ్చు. కాలరేఖ మీద జరుపుతూ పోతే అశోకుడి పక్కన ఆ కాలంలో గ్రీసులో, చైనాలో ఏం జరుగుతోందో కనిపిస్తుంది. మాస్టారు ఇప్పటికీ ఇదే మెచ్చుకుంటారు: “క్లాసులో ఇది చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టేది.”

ఈ వ్యాపారం కథ కూడా చదవదగ్గదే. మైక్రోసాఫ్ట్ 1980ల్లో ముందుగా బ్రిటానికా తలుపు తట్టింది, వాళ్లు కాదన్నారు. అప్పుడు ఫంక్ అండ్ వాగ్నల్స్ అనే సాదాసీదా విజ్ఞాన సర్వస్వం హక్కులు తీసుకుని, బొమ్మలు, శబ్దాలు చేర్చి 1993లో ఎన్‌కార్టా తెచ్చింది. బ్రిటానికా 1994లో సీడీతో వచ్చేసరికి దాని వెల సుమారు వెయ్యి డాలర్లు. బీరువా సంపుటాల వెలను కాపాడుకోవాలన్న ఆరాటం అందులో కనిపిస్తుంది. తర్వాత అదీ దిగిరాక తప్పలేదు. ఎన్‌కార్టా 2008 నాటికి 62,000కు పైగా వ్యాసాలకు ఎదిగి, మరుసటి ఏడాదే మూతపడింది. బ్రిటానికా అచ్చు సంపుటాలు ఇక వేయబోమని 2012లో ప్రకటించింది. ఇద్దరినీ కలిపి పక్కకు నెట్టింది 2001 జనవరిలో మొదలైన వికీపీడియా.

ఎన్‌కార్టా నుంచి పేరా కాపీ చేసి అతికిస్తే, అడుగున హక్కుల ప్రకటన ఒకటి తానంతట తానే వచ్చి చేరేది. 2000ల్లో మా సెంటర్‌కు ప్రాజెక్టు పనులు ప్రింటు తీయించుకోవడానికి వచ్చిన పిల్లలు ‘నా సొంతంగా రాశాను’ అన్న వాక్యం కిందే ఆ ప్రకటన కూడా వదిలేసేవారు. నేను చూసీచూడనట్టు తీసేసి ఇచ్చేవాణ్ణి.

ఇక నాకు నచ్చనివి. ఎవరో ఎంచి పెట్టారు అన్నది ఎంత బలమో అంత బలహీనత. ఎన్‌కార్టానే తీసుకోండి: టెలిఫోను కనిపెట్టిన ఘనత అమెరికా కూర్పులో బెల్‌ది, ఇటలీ కూర్పులో మ్యూచీది. ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశం చెవికి ఇంపుగా ఉండేట్టు సర్దేవారు. మరి మన కోసం సర్దినవాళ్లు ఎవరు? కృష్ణా నది గురించి మూడు డిస్కుల్లో వెతికాను. మహాబలేశ్వర్ దగ్గర పుట్టి బంగాళాఖాతంలో కలుస్తుంది, దారిలో ఆనకట్టలు ఉన్నాయి, అంతే. ఒక డిస్కులో సితారు మోగుతుంది, వీణ లేదు. విజయవాడ ఒకదానిలో నాలుగు వాక్యాలు, రైల్వే కూడలి అని. ఇంకొకదానిలో పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో బెజవాడగా ఉంది కాబట్టి, విజయవాడ అని కొడితే దొరకదు. మన ఊరిని మనం వెతుక్కోవడానికి బ్రిటిషు రైల్వే టైంటేబులు గుర్తుండాలి.

జూన్ మొదటి వారం: తెలుగు డిస్కు

దీన్ని నేను ఆఖరుకు దాచుకున్నాను. పిల్లల కోసం తెలుగులో చేసిన విజ్ఞాన డిస్కు. జంతువులు, గ్రహాలు, శాస్త్రవేత్తలు, కొన్ని వేమన పద్యాలు. గొంతు ఇచ్చినావిడ ఉచ్చారణ ఎంత శుభ్రంగా ఉందంటే, ఈ ఒక్క డిస్కు కోసమైనా ఇంత పాటు పడవచ్చు.

కానీ అక్షరాలు! అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే సంఖ్యల పట్టికగా ఉండే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది, విండోస్ మాత్రం ఎక్స్‌పీతో గానీ తెలుగు నేర్వలేదు. ఆలోగా తెలుగు డిస్కులు చేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చిన సొంత ఫాంట్లు వాడుకున్నారు. తెర మీద అందమైన తెలుగు కనిపిస్తుంది. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చుక్కలు, గీతలు, అర్థం లేని రోమన్ అక్షరాలు. అందులో ‘సూర్యుడు’ అని వెతకడం అసాధ్యం, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అక్కడ సూర్యుడు లేడు. వెతకడమే డిస్కు గొప్ప అనుకున్నాం కదా, తెలుగు డిస్కుకు ఆ గొప్ప దక్కలేదు; విషయసూచిక మీద నొక్కుకుంటూ పోవాల్సిందే.

ఇది మాత్రం నా చేతిలో పని. పాత ఫాంట్లలో ఉన్న గైడ్లను యూనికోడ్‌లోకి మార్చడం మాకు అన్నం పెట్టే విద్య. డిస్కులో పాఠాలు సాదా ఫైళ్లుగానే ఉన్నాయి. ఫాంటును తెరిచి ఏ స్థానంలో ఏ ముక్క ఉందో పట్టిక రాసుకున్నాను. తలకట్టు వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. మార్పిడి నడిపితే తొంభై పాళ్లు సరిగ్గా వచ్చింది. మిగిలింది ఎప్పుడూ ఉండే తిప్పలే: ఒత్తు ముందూ గుణింతం వెనకా అవుతుంది, ‘లక్ష్మి’ ముక్కలవుతుంది, వలపల గిలక (‘ర్’ పొల్లుకు బదులు తర్వాతి హల్లు పక్కన వేసే పాత గుర్తు) తన హల్లును వదిలి పక్కదాన్ని పట్టుకుంటుంది. ‘సూర్యుడు’ సవ్యంగా వచ్చి ‘వర్షం’ చెడింది, ఎందుకంటే రెండోదాన్ని గిలకతో కొట్టారు. చేత్తో దిద్దుతున్నాను. గ్రహాలు అయిపోయాయి, జంతువుల్లో ఉన్నాను.

మన పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకుని, అది పూర్తికాకుండానే 1923లో పోయారు. ఆ సంపుటాలను ఇవాళ గ్రంథాలయంలో తీసి చదవవచ్చు. ఆయన తర్వాత ఎనభై ఏళ్లకు చేసిన ఈ డిస్కును చదవడానికి నాలాంటి డీటీపీ వాడు ఒకడు చెయ్యి వేయాలి. ఇది తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

జూన్ మూడో వారం: పిల్లల ముందు

బడులు తెరిచారు. కంప్యూటర్ గ్రంథాలయానికి చేరింది. పక్కనే పోటీగా తెలుగు వికీపీడియా ఆఫ్‌లైన్ నకలు కూడా పెట్టాను. కీవిక్స్ అనే ఉచిత ప్రోగ్రాముకు, దాని ఫైలుకు ఖర్చు లేదు. మా సెంటర్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో సహా కావాలంటే సుమారు వంద గిగాబైట్లు పడుతుంది, ఆ చోటు మా దగ్గర లేదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి మొదట కూర్చుని పాత డిస్కులో “చంద్రుడి మీద నీళ్లు ఉన్నాయా” అన్న ప్రశ్నను ఇంగ్లీషులో పూర్తి వాక్యంగా కొట్టింది. ఫలితాలు లేవు. ఈ తరం యంత్రాన్ని మనిషిని అడిగినట్టు అడుగుతుంది. ఆ తరం డిస్కు ఒక్క మాట చెప్పమంటుంది. ‘చంద్రుడు’ అని మాత్రమే కొట్టమన్నాను. వ్యాసం వచ్చింది, బొమ్మలు బాగున్నాయి, చంద్రయాన్ మాత్రం లేదు. ఎలా ఉంటుంది? చంద్రయాన్-1 వెళ్లింది 2008 అక్టోబరులో. దాని మీది పరికరం నీటి అణువుల జాడ పట్టిందని ప్రకటించింది 2009 సెప్టెంబరులో. చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23న. డిస్కు వీటన్నిటికన్నా ముందే ముగిసిపోయింది. “అంకుల్, ఇది తప్పు చెబుతోందా?” అని అడిగింది. తప్పు కాదమ్మా, పాతది అన్నాను. “మరి ఆ సంగతి అది చెప్పదే?” అంది. నిజమే, అచ్చు పుస్తకం పుటలు పసుపు పచ్చబడి తన వయసు తానే చెప్పుకుంటుంది. డిస్కులో అక్షరం ఎప్పుడూ నిగనిగలాడుతూనే ఉంటుంది.

అందుకని ప్రతి ఐకాన్ పేరులోనూ ఏడాది చేర్చాను. కూర్పు 1997, కూర్పు 2004, ఇలా. కంప్యూటర్ పక్క గోడ మీద ఒక కాగితం అతికించాను: ఈ డిస్కుల్లో ఆంధ్రప్రదేశ్ రాజధాని హైదరాబాదు, విజయవాడ కృష్ణా జిల్లాలో ఉంటుంది; కానీ 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది, 2022 ఏప్రిల్ నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా.

తెలుగు వికీపీడియా దగ్గరికి వెళ్లిన పిల్లలు వెంటనే తమ సొంత ఊరి పేరు కొట్టారు. దొరికింది! ఏ డిస్కులోనూ ఇది జరగలేదు. 2003 డిసెంబరులో మొదలైన ఆ పనిలో ఊళ్ల పుటలు బోలెడు ఉన్నాయి, చాలావాటికి ఒకే అచ్చు, జనాభా, విస్తీర్ణం, దగ్గరి పట్టణం. చదువుకోదగ్గ వ్యాసాలు చాలా ఉన్నాయి, రెండు వాక్యాలతో ఆగిపోయినవీ ఉన్నాయి. గుండె మీద మాత్రం డిస్కులోని కదిలే బొమ్మ దగ్గరే పిల్లలు గుమిగూడారు. ఒకడు దాన్ని ఆపకుండా నడిపించి, కవాటం మూసుకున్న ప్రతిసారీ బల్ల మీద దరువు వేస్తున్నాడు.

కీవిక్స్ నకలు కూడా ఒక తేదీ దగ్గర ఆగిపోయినదే, ఆ లెక్కన అదీ డిస్కు లాంటిదే. తేడా ఒక్కటే. దాని ఫైలు పద్ధతి బహిరంగం, చూసే ప్రోగ్రాము పోతే ఇంకొకరు రాసుకోవచ్చు. కొత్త నకలు వస్తే పాతదాని మీద వేసేయవచ్చు. నాలుగు అట్టల పెట్టెలో, మెరిసే డిస్కులో, మాయాబజారు లాంటి హంగులతో వచ్చిన సరుకుకు ఈ రెండూ లేవు.

జూన్ చివర: ఇప్పటి పరిస్థితి

నడుస్తున్నవి: ఇంగ్లీషు డిస్కులు తొమ్మిది, అందులో ఆరు ఎక్స్‌పీ లోపల, మూడు నేరుగా బ్రౌజరులో. తెలుగు వికీపీడియా నకలు. తెలుగు డిస్కు పాత రూపంలో, ఆవిడ గొంతుతో సహా.

నడవనివి: తాళం పడ్డ ఆ రెండూ. ఒకదాని పెద్ద ఫైలులో బొమ్మలు మామూలు పద్ధతిలోనే దాగి ఉన్నట్టు వెతుకుడు సాధనం చూపించింది. బొమ్మలనైనా లాగగలనేమో చూడాలి. రెండోదాన్ని వదిలేయమని మాస్టారు అంటున్నారు. నేనింకా వదలలేదు, విండోస్ 98 వేసి ఒకసారి చూస్తాను. వర్చువల్‌బాక్స్‌లో దానికి సరైన తెర డ్రైవర్ ఇవ్వరు, కాబట్టి గవర్నర్‌పేట కుర్రాడిని నిజమైన పాత కంప్యూటర్ ఒకటి అద్దెకు అడిగాను. “98 ఉన్న కంప్యూటర్ ఒకటి ఉంది సార్, కానీ ఒక దుకాణం వాళ్లు దాని మీద ఇంకా బిల్లులు కొడుతున్నారు, ఆదివారం ఇస్తామన్నారు” అన్నాడు.

బాల్‌పెన్ను డిస్కులో పోయినది ఏమిటో తేలింది. జాతీయ గీతాల విభాగంలో కొన్ని మోగవు, మనది బాగానే ఉంది.

చేయాల్సినవి: తెలుగు పాఠాల్లో జంతువుల భాగం దిద్దడం, తర్వాత శాస్త్రవేత్తలు. అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్ పుటలుగానే పెడతాను, సొంత ప్రోగ్రాము ఏదీ రాయను. హక్కుల కోసం ఆ ప్రచురణకర్త చిరునామాకు ఉత్తరం రాశాను. తలుపు తాళం అని తిరిగొచ్చింది. కమిటీ కార్యదర్శి ఇంకో చిరునామా వెతుకుతున్నారు. అనుమతి వచ్చేదాకా ఆ పుటలు ఈ ఒక్క కంప్యూటర్ దాటవు.